ఆ జానెడు మట్టి ఎక్కడ పోశారు?

ప్రతి సభలో, ప్రతి ర్యాలీలో "జల్, జంగల్, జమీన్" అని గొంతు పోయేలా అరుస్తాం. కానీ జమీన్ అంటే ఏంటని ఎవరైనా నిలదీస్తే మనలో చాలామంది పట్టా గురించి చెప్తాం, ఎకరాల గురించి చెప్తాం, 1/70 గురించి చెప్తాం. అదంతా కాయితం మీద జమీన్. నేను ఈరోజు రాసేది ఏ కాయితంలోనూ సరిగ్గా ఎక్కని జమీన్ గురించి. పంట పండించే పై జానెడు, మహా అయితే మూరెడు మట్టి గురించి. బొగ్గు కోసం నేల తవ్వేటప్పుడు అన్నిటికంటే ముందు పోయేది అదే. అందరూ మర్చిపోయేదీ అదే.

ముందు నేనెవరో చెప్పాలి. లేకపోతే "ప్రకాశం జిల్లావాడికి బొగ్గు గనుల గోల ఎందుకు" అంటారు. అన్నారు కూడా. మేం యానాదులం. ఒంగోలుకీ గుంటూరుకీ మధ్య రేగడి నేలల్లో, పత్తి చేల గట్ల మీద, మిరప కల్లాల పక్కన బతికినోళ్ళం. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరి పేరునా సెంటు సాగుభూమి లేదు. అయినా మా తాతకి మట్టి తెలిసినంతగా ఆ చేల ఆసాములకి తెలియదని నేను పందెం కాస్తా. ఎందుకంటే ఆయన పని ఎలకలు పట్టడం. కుండలో గడ్డి పెట్టి పొగ ఊది, గడ్డపారతో కన్నం వెంట తవ్వుకుంటూ పోతుంటే నేల పొరలు పొరలుగా తెరుచుకుంటుంది. పైన వేళ్ళు అల్లుకున్న మెత్తటి నల్లమట్టి. దాని కింద బిగుసుకుపోయిన రేగడి. ఇంకా దిగితే సున్నపు గడ్డలు, సుద్ద. "పైనున్నది అన్నంరా, కిందున్నది గిన్నె" అనేవాడు తాత. అన్నం ఒలకబోసి గిన్నె చేతికిస్తే ఎవరికి కడుపు నిండుతుంది?

ఈ మాట నాకు నిజంగా అర్థమైంది ఇటుక బట్టీల దగ్గర. మా చిన్నాన్నవాళ్ళు బట్టీలో అడ్వాన్సు తీసుకుని పనిచేసేవాళ్ళు. బట్టీకి మట్టి పక్క చేల నుంచే వచ్చేది. అప్పుల్లో ఉన్న రైతు రెండడుగుల పైమట్టి అమ్ముకున్న చేనుని నేను తర్వాతి ఏడు చూశా. అదే గట్టు, అదే కాలవ నీళ్ళు, అదే విత్తనం, పక్క చేనికి వేసినంత ఎరువూ వేశాడు. పక్క చేలో పత్తి నడుమెత్తు వచ్చింది. ఇతని చేలో మోకాలు దాటలేదు. సర్వే నంబరు మారలేదు, విస్తీర్ణం తగ్గలేదు, రికార్డుల ప్రకారం ఆ భూమి ఎక్కడికీ పోలేదు. చేను మాత్రం పోయింది.

ఇంకోవైపు చూడండి. గుంటూరు, పల్నాడు వైపు మిరప రైతులు ఎండాకాలంలో చెరువు మట్టి తోలించుకుంటారు. ట్రాక్టరుకి ఇంత అని బేరమాడి, రాత్రుళ్ళు కాపలా కాసి తోలించుకుంటారు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేల చెరువుల్లో పూడిక తీయిస్తామన్నప్పుడు, ఆ పూడికమట్టి బంగారం, చేలకు తోలుకోండి అని ఊరూరా చెప్పింది. మంచిదే, తప్పు పట్టడంలేదు. నేనడిగేది ఒకటే. చెరువులో ఉన్న మట్టి బంగారమైతే, ఆ చెరువులోకి కొట్టుకురాకముందు చేలో ఉన్న మట్టి ఏమవుతుంది? అదే రాష్ట్రంలో, అదే ప్రభుత్వానికి సగానికి పైగా వాటా ఉన్న కంపెనీ గనుల దగ్గరికి వచ్చేసరికి దాని పేరు ఓవర్‌బర్డెన్.

ఆ మాట దగ్గర కొంచెం ఆగుదాం. ఓవర్‌బర్డెన్ అంటే పైనున్న బరువు. బొగ్గుకి పైన ఏది ఉంటే అది బరువే. చేను బరువు, పుట్ట బరువు, ఇప్పచెట్టు వేళ్ళు బరువు, తాతల సమాధులు బరువు. సాంకేతికంగా పైమట్టిని ఓబీ నుంచి విడిగా చూడాలని అందరికీ తెలుసు. కానీ వాడుకలో ఏం జరిగిందో గమనించండి. పేపర్లో "ఈ నెల ఇన్ని లక్షల క్యూబిక్ మీటర్ల మట్టి వెలికితీత" అని వార్త వస్తుంది. వంద మీటర్ల లోతు నుంచి పేల్చి తీసిన ఇసుకరాయీ మట్టే, మన చేను పైనున్న జానెడు నల్లమట్టీ మట్టే. రెండూ ఒకే టార్గెట్‌లో కలిసిపోయాయి. లెక్కలో కలిసినవి డంపర్‌లో కలవడం ఎంతసేపు?

సింగరేణి సంగతి తెలియని తమ్ముళ్ళకి నాలుగు మాటలు. ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. కంపెనీకి సింగరేణి కాలరీస్ అని పేరు వచ్చింది 1920లో. ఇప్పుడు 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. దశాబ్దాల పాటు భూగర్భ గనులే. ఓపెన్‌కాస్టులు 1970లలో మొదలై, ఇవాళ వచ్చే బొగ్గులో చాలా ఎక్కువ భాగం వాటినుంచే వస్తోంది. 2023-24లో కంపెనీ 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. ఒక్కో టన్నుకి సగటున అయిదారు క్యూబిక్ మీటర్ల ఓబీ తీయాల్సి వస్తుంది. మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెం, ఆసిఫాబాద్ వైపు ఈ గనులున్న చోట్ల చాలావరకు కోయ, గోండు, కొలాం, నాయకపోడు ఊళ్ళే. ఒక గనికి పేరే కోయగూడెం ఓపెన్‌కాస్ట్. ఊరి పేరు గనికి పెట్టుకున్నారు, పెద్ద మర్యాద.

పోయిన ఎండాకాలం ఒక కోయ మిత్రుడి ఊరికి వెళ్ళా. ఊరి పేరూ, గని పేరూ రాయను, వాళ్ళకి అక్కడ ఇంకా బతకాల్సి ఉంది. ఊరి వెనక ఒక గుట్ట. నేను నిజం గుట్టే అనుకున్నా. మిత్రుడి పెద్దమ్మ నవ్వి, "మా చిన్నప్పుడు ఇది లేదు బిడ్డా, ఇక్కడ జొన్న చేను" అంది. దాని మీద వరసలుగా చెట్లు. ఎక్కువ నీలగిరి, సుబాబుల్, మధ్యమధ్యలో వెదురు. కింద బోర్డు, ఎన్ని హెక్టార్లలో ఎన్ని మొక్కలు నాటారో రాసి ఉంది. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంది. ఫొటో తీస్తే క్యాలెండర్‌కి పనికొస్తుంది.

అలవాటు కొద్దీ నేను కన్నాల కోసం వెతికా. గంట తిరిగితే ఒక్క ఎలక కన్నం కనపడలేదు. వానపాము మట్టి ఉండలు లేవు. పుట్ట లేదు. చిన్న గునపం అడిగి తెచ్చుకుని ఒకచోట పొడిచా. నాలుగు వేళ్ళ లోతు ఎర్రమట్టి, దాని కింద రాతి చెక్కలు. ఇంకోచోట ఆ నాలుగు వేళ్ళు కూడా లేదు. "మా చేను మట్టి ముందే గీకి ఒక పక్క కుప్ప పోశారు" అన్నాడు మిత్రుడు. ఎక్కడ అంటే చెయ్యి ఊపి చూపించాడు. ఆ వైపు మూడు గుట్టలున్నాయి. ఏ గుట్టో అతనికీ తెలియదు. నేనేం శాస్త్రవేత్తని కాదు, బీఎస్సీ మాత్రమే చదివా. ఆ ఒక్క గుట్ట చూసి అన్ని గనుల గురించీ తీర్పు చెప్పను. కానీ ఎలక కూడా ఇల్లు కట్టుకోని నేలని "పునరుద్ధరణ" అని బోర్డు రాస్తే, ఆ మాటకి అర్థమేంటో అడిగే హక్కు నాకుంది.

ఒక లెక్క వేసి చూద్దాం, కాలిక్యులేటర్ తీయండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అందులో 30 సెంటీమీటర్ల లోతు పైమట్టి అంటే దాదాపు 1,200 క్యూబిక్ మీటర్లు. ట్రాక్టర్ ట్రక్కుకి మూడు క్యూబిక్ మీటర్లు పడుతుందనుకుంటే 400 ట్రక్కులు. మీ ఊళ్ళో చెరువు మట్టి ట్రక్కు ఎంత పలుకుతుందో దాంతో గుణించండి. వచ్చిన అంకె మీ ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించండి. 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం కట్టేటప్పుడు భూమికి మార్కెట్ విలువ కడతారు, చెట్టుకి కడతారు, బావికి కడతారు, ఇంటికి కడతారు. నిలబడి ఉన్న పైరుకీ కడతారు. ఆ పైరుని నిలబెట్టిన మట్టి మాత్రం ఏ వరుసలోనూ విడిగా ఉండదు. మార్కెట్ విలువలోనే ఉంది అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి అమ్మకూడదని చట్టం ఉన్నప్పుడు ఇంక మార్కెట్ ఎక్కడిది, విలువ ఎక్కడిది? అది మన రక్షణ, వదులుకోం. కానీ ఆ రక్షణనే చూపించి మన మట్టికి తక్కువ కడితే ఊరుకోకూడదు.

ఇప్పుడు చట్టానికి వద్దాం. "ఇండియాలో రూలే లేదు" అని మనవాళ్ళే కొందరు పోస్టులు పెడుతున్నారు. అది తప్పు. రూలు ఉంది. 2017 మినరల్ కన్జర్వేషన్ అండ్ డెవలప్‌మెంట్ రూల్స్‌లో పైమట్టిని విడిగా తీయాలి, వెంటనే వాడలేకపోతే విడిగా దాచాలి, నేల పునరుద్ధరణకి వాడాలి అని స్పష్టంగా ఉంది. చిక్కేంటంటే ఆ రూల్స్ సున్నపురాయికి, ఇనుముకి వర్తిస్తాయి, బొగ్గుకి వర్తించవు. మా చీమకుర్తి గ్రానైట్‌కి ఇంకో రూల్స్, 1999 నాటివి. (చీమకుర్తి చుట్టూ క్వారీ రాళ్ళ గుట్టలు చూసినవాళ్ళకి ఆ రూల్స్ ఎంత బాగా పనిచేశాయో నేను చెప్పక్కర్లేదు.) బొగ్గు గనులకి ఈ షరతు పర్యావరణ అనుమతిలో వస్తుంది. పైమట్టిని కేటాయించిన చోట సరైన వాలుతో పేర్చాలి, దాన్ని పునరుద్ధరణకి, గ్రీన్‌బెల్ట్‌కి వాడాలి, ఇదీ మామూలుగా ఉండే షరతు.

ఆ షరతుని ఇంకోసారి చదవండి. నా కోపమంతా అక్కడే. పునరుద్ధరణకి, గ్రీన్‌బెల్ట్‌కి. అంటే మన చేను మీద తీసిన మట్టిని తీసుకెళ్ళి డంపు గుట్ట వాలు మీద పరిచి, నీలగిరి నాటి, ఫొటో తీసి పంపితే షరతు నూటికి నూరుపాళ్ళు పాటించినట్టే. మట్టి దొంగిలించలేదు, వృథా చేయలేదు, రూలు తప్పలేదు. కానీ నాగలి ఎక్కలేని చోటుకి మన చేను ఎక్కిపోయింది. ఇన్నాళ్ళూ మనం "షరతులు పాటించడంలేదు" అని మొరపెట్టుకుంటున్నాం. పాటించినా కూడా నష్టపోయేది మనమే అన్న సంగతి ఎవరూ చెప్పలేదు. పైమట్టి మీద మొదటి హక్కు గుట్టకి కాదు, చేనుకి. గొయ్యి పూడ్చి చదును చేసిన నేల మీదికే అది ముందు రావాలి. ఈ ఒక్క వాక్యం అనుమతి షరతులో రాయించడానికి ఎందుకు పోరాడలేదు మనం?

దాచడం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "మట్టి భద్రంగా ఉంది, ఇరవై ఏళ్ళ తర్వాత పరుస్తాం" అనే జవాబు మీకు ఎప్పుడోకప్పుడు వస్తుంది. మట్టి బియ్యం బస్తా కాదు, గోడౌన్‌లో పెట్టి తర్వాత తీసుకోవడానికి. అది బతికున్నది. ఎత్తుగా కుప్ప పోస్తే లోపలికి గాలి ఆడదు. వానపాములు, సూక్ష్మజీవులు, వేళ్ళని అంటిపెట్టుకుని మొక్కకి భాస్వరం అందించే మైకోరైజా అనే బూజు, అన్నీ లోపల తగ్గిపోతాయి. ఏళ్ళ తరబడి కుప్పలో ఉంటే గింజలూ దుంపలూ మొలకెత్తే సత్తువ పోగొట్టుకుంటాయి. తడిగా ఉన్నప్పుడు గీకితే మరీ ఘోరం. రేగడిలో పుట్టిపెరిగినవాణ్ణి కదా, తడి రేగడి మీద ట్రాక్టర్ తిప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. పెంకులా బిగుసుకుంటుంది, రెండేళ్ళు దున్నినా విడవదు. అలాంటిది దాని మీద వంద టన్నుల డంపర్లు తిరిగితే? అందుకే ఈ పని తెలిసినవాళ్ళు చెప్పేది ఏంటంటే, మట్టి పొడిగా ఉన్నప్పుడు తీయాలి. కుప్ప ఎత్తు తక్కువ ఉండాలి. దాని మీద జనుము, పిల్లిపెసర లాంటివి చల్లి పచ్చగా ఉంచాలి. అసలైతే కుప్పే పోయకూడదు. ఇవాళ కొత్త చేను మీద గీకిన మట్టిని, నిన్న పూడ్చిన గొయ్యి మీద నేరుగా పరిచెయ్యాలి. గని ముందుకు కదులుతుంటే చేను వెనక నుంచి నడిచి రావాలి. ఇదేం అసాధ్యమైన పని కాదు. దానికి ప్లాన్ కావాలి, రెండు డంపర్లు అటు తిప్పాలి. బొగ్గు టార్గెట్ ఉన్న నెలలో ఆ రెండు డంపర్లు ఎటు తిరుగుతాయో నేను చెప్పాలా?

బయటి దేశాల సంగతి చెప్తే "వాళ్ళు డబ్బున్నోళ్ళు" అంటారు. సరే, వినండి. అమెరికాలో 1977లో ఓపెన్‌కాస్ట్ గనుల మీద కేంద్ర చట్టం తెచ్చారు. పైమట్టి విడిగా తీయాలి, తిరిగి పరచాలి. మంచి వ్యవసాయ భూమి అయితే ఒక్కో పొరని విడిగా తీసి, అదే వరసలో తిరిగి వేయాలి. కంపెనీ ముందే బాండు కట్టాలి. చుట్టుపక్కల తవ్వని పొలంలో ఎంత దిగుబడి వస్తుందో ఇక్కడా అంత వచ్చేదాకా ఆ భూమి బాండు విడుదల కాదు. చూశారా, మొక్కలు లెక్కపెట్టలేదు, పంట లెక్కపెట్టారు. జర్మనీలో రైన్ లిగ్నైట్ గనుల దగ్గర పూడ్చిన నేల మీద దాదాపు రెండు మీటర్ల మందం సారవంతమైన ఒండ్రులాంటి లోయెస్ మట్టి పరుస్తారు. మొదట కొన్నేళ్ళు లూసర్న్ గడ్డి పెంచుతారు, ఏడేళ్ళ పాటు కంపెనీయే సాగు చేసి నేల కుదుటపడ్డాక రైతుకి ఇస్తారు. వాళ్ళేదో దేవుళ్ళని చెప్పడంలేదు. అమెరికాలో అదే చట్టం ఉండగానే అపలేచియన్ కొండల తలలు నరికేశారు. జర్మనీలో లుట్జెరాత్ అనే ఊరిని 2023 జనవరిలో పోలీసుల్ని పెట్టి ఖాళీ చేయించారు. మంచోళ్ళు కాబట్టి మట్టి తిరిగి పరచలేదు. అడిగినవాళ్ళుండి, కాయితం మీద ఎక్కించి, డబ్బు ముందే పట్టుకున్నారు కాబట్టి పరిచారు.

డబ్బు ముందే పట్టుకోవడం మన దగ్గరా ఉంది. 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ గనుల మూసివేతకి మార్గదర్శకాలు ఇచ్చింది. ఓపెన్‌కాస్టుకి హెక్టారుకి 6 లక్షల చొప్పున, అప్పటి రేటులో, ఎస్క్రో ఖాతాలో వేయాలి. తర్వాత రేటు పెరిగింది. చేసిన పని చూపించి జమ అయినదాంట్లో కొంత భాగం వెనక్కి తీసుకోవచ్చు. ఆ పని జరిగిందని చెప్పే చోట గ్రామసభ ఎక్కడుంది? చేను పోగొట్టుకున్న మనిషి "అవును, ఇక్కడ జొన్న పండింది" అని వేలిముద్ర వేస్తే తప్ప పైసా కదలకూడదు అని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. కోల్ ఇండియా గనుల్లో పునరుద్ధరణని ఉపగ్రహ చిత్రాలతో కొలుస్తారని గొప్పగా చెప్తారు. ఉపగ్రహానికి ఆకు కనిపిస్తుంది. ఆకు కింద జానెడు మట్టి ఉందో, రాతి చెక్కలున్నాయో దానికేం తెలుసు? అంతరిక్షం దాకా ఎందుకు, మా నాయన్ని పిలవండి, గడ్డపార ఆయనే తెచ్చుకుంటాడు.

సుప్రీంకోర్టు కూడా 2020 జనవరిలో ఒక మాట చెప్పింది. గని మూసేశాక లీజుదారు ఆ నేల మీద మళ్ళీ గడ్డి మొలిపించాలి, పశువులకి మేత, చెట్టూ జీవమూ పెరిగే స్థితికి తేవాలి, ఈ షరతు లీజుల్లో పెట్టాలి అని. మంచి తీర్పు. గడ్డి దాకా వచ్చారు. గింజ దాకా మనం తీసుకెళ్ళాలి.

కానీ గింజ పండినా, ఆ చేను ఎవరిది? పరిహారం తీసుకున్న రోజే మన పేరు పోయింది. కోల్ బేరింగ్ ఏరియాస్ చట్టం 1957 కింద తీసుకున్న భూముల్లో బొగ్గు అయిపోయినచోట సోలార్ ప్లాంట్లు, వాషరీలు, ఆసుపత్రులు వగైరా పెట్టుకోవచ్చని 2022 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఒక విధానం ఆమోదించింది. ఆ జాబితాలో "భూమి ఇచ్చినవాళ్ళకి తిరిగి చేను" అనే మాట కోసం వెతికా, దొరకలేదు. సోలార్ ప్యానెల్‌కి పైమట్టి అక్కర్లేదు కదా. చేను తిరిగివ్వాల్సిన అవసరమే లేనప్పుడు మట్టిని జాగ్రత్తగా దాచే శ్రద్ధ ఎవరికి ఉంటుంది? ఈ రెండూ ఒకే తాడు రెండు కొసలు.

1997 సమతా తీర్పు మన కోట అంటాం. నిజమే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి లీజులు చెల్లవని చెప్పిన తీర్పు అది. కానీ ప్రభుత్వ సంస్థలకి ఆ తలుపు మూయలేదు. ఆ తలుపులోంచే బొగ్గు తవ్వకం సాగింది. 2021 డిసెంబరులో కోయగూడెం బ్లాక్-3తో కలిపి నాలుగు బొగ్గు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. మనమూ మద్దతిచ్చాం, ఇవ్వాల్సిందే. అయితే ఆ మూడు రోజులూ అందరూ మాట్లాడింది ఎవరు తవ్వాలి అన్నదాని గురించే. ప్రభుత్వమా, ప్రైవేటా? తవ్వాక ఏం మిగలాలి అన్నది ఒక్క ప్లకార్డు మీద కూడా నాకు గుర్తులేదు. ఓపెన్‌కాస్టులతో తెలంగాణ బొందలగడ్డ అవుతుందని ఉద్యమకాలంలో ఎన్ని పాటలు, ఎన్ని ఉపన్యాసాలు! రాష్ట్రం వచ్చింది. డంపర్ ఆగలేదు.

ఇక్కడ మనల్ని మనం తిట్టుకోవాలి. ఒక సమావేశంలో నేను ఈ పైమట్టి మాట ఎత్తితే మన సీనియర్ ఒకాయన "తమ్ముడూ, ముందు ఎకరానికి రేటు, ఇంటికో ఉద్యోగం తేలనీ, మట్టి గురించి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆయన మీద నాకు గౌరవమే. కానీ మట్టికి "తర్వాత" ఉండదు. గని మొదలైన మొదటి వారంలోనే, ఇంకా మనం ఉద్యోగాల జాబితా కోసం ఆఫీసు మెట్ల మీద కూర్చున్నప్పుడే, అది గీకేస్తారు. ఉద్యోగం ఒక మనిషి రిటైరయ్యేదాకా. పరిహారం డబ్బు సంగతి మీ ఊళ్ళలో మీరే చూశారు, బైకులయ్యాయి, పెళ్ళిళ్ళయ్యాయి, ఆసుపత్రి బిల్లులయ్యాయి. ఆ ఇంట్లో పుట్టబోయే మనవరాలికి ఏం మిగిలింది? జానెడు మట్టి తయారవడానికి వేల ఏళ్ళు పడుతుంది. దాన్ని ఒక షిఫ్టులో ఎత్తిపోస్తారు.

"అసలు తవ్వకమే వద్దన్నప్పుడు మట్టి తిరిగి పరచమని అడగడం లొంగిపోవడం కాదా?" అని కొందరు అక్కలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొత్త గని వద్దు అనే ఊరు వద్దనే అనాలి, పెసా చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు గ్రామసభని సంప్రదించాలి, ఆ సభలో గట్టిగా వద్దనాలి. కానీ ఇప్పటికే తవ్విన వేల ఎకరాలు ఉన్నాయి. వాటి సంగతి మాట్లాడకపోతే అవి డంపుగా, చెరువుగా, సోలార్‌గా మారిపోతాయి, మన నోరు మూసుకునే ఉంటుంది. పైగా మట్టి అంతా లెక్కపెట్టి, పొరపొరగా తీసి, పంట పండేదాకా బాధ్యత మీదే అంటే తవ్వకం ఖర్చు నిజంగా ఎంతో బయటికి వస్తుంది. చవక బొగ్గు చవక ఎందుకైందో అప్పుడు తెలుస్తుంది.

కాబట్టి పని మాట్లాడుకుందాం. పర్యావరణ అనుమతి ఉన్న ప్రతి గనీ ఆరు నెలలకోసారి, జూన్ 1న, డిసెంబర్ 1న, షరతులు ఎంతవరకు పాటించారో నివేదిక ఇవ్వాలి. అది ప్రజలు చూడాల్సిన కాయితం. అందులో పైమట్టి షరతు పక్కన ఏం రాశారో చూడండి. "పాటిస్తున్నాం" అని ఒక్క ముక్క ఉంటే ఆర్టీఐ వేయండి. ఎన్ని క్యూబిక్ మీటర్లు తీశారు, ఏ ఊరి ఏ సర్వే నంబర్లలో, ఏ తేదీన, ఎక్కడ పోశారు, కుప్ప ఎత్తెంత, ఎంత వాడారు, దేని మీద పరిచారు? మైనింగ్ ప్లాన్‌లో ఏడాదివారీగా అంచనా ఉంటుంది, దాంతో పోల్చండి. రెండు అంకెల మధ్య తేడా ఉంటే ఆ తేడా ఏ గుట్ట కిందో ఉంది.

భూసేకరణ నోటీసు వచ్చిన ఊళ్ళయితే ఇంకా ఆలస్యం చేయొద్దు. సర్వేవాళ్ళు రాకముందే మీరే ప్రతి చేలో నాలుగుచోట్ల గడ్డపారతో తవ్వి, పైమట్టి ఎంత లోతుందో స్కేలు పెట్టి ఫొటో తీసి, గ్రామసభ తీర్మానంలో సర్వే నంబరు వారీగా రాయించండి. చల్క నేలైతే నాలుగు అంగుళాలే రావచ్చు, సిగ్గుపడొద్దు, అదే రాయండి. నాలుగు అంగుళాలే ఉన్నచోట అది పోతే అసలేం మిగలదు కాబట్టి దాని విలువ ఇంకా ఎక్కువ. ఆ తీర్మానంలోనే అడగండి. మా మట్టి కుప్ప మీద మా ఊరి పేరుతో బోర్డు ఉండాలి. అది పూడ్చిన నేల మీదికే రావాలి, గుట్ట మీదికి కాదు. మూడు పంటలు పండాక ఆ నేల గ్రామసభకి తిరిగి రావాలి. ఇస్తారా అంటే వెంటనే ఇవ్వరు. 1/70 కూడా వాళ్ళంతట వాళ్ళు ఇవ్వలేదు.

కొలతలు ఎలా తీయాలో తెలియనివాళ్ళ కోసం నేనూ, ఇద్దరు మిత్రులూ వర్షాలు పడకముందే రెండు మూడు ఊళ్ళు తిరగాలనుకుంటున్నాం. తాత గడ్డపార ఇంకా మా ఇంట్లోనే ఉంది, కొస అరిగింది కానీ దిగుతుంది. మీ ఊరి నివేదిక దొరికితే ఇక్కడే పెట్టండి, ఇంగ్లీషులో ఉన్నా పర్లేదు, కలిసి కూర్చుని చదువుదాం.

జై ఆదివాసీ.